కోడిపిల్లల షెడ్డుకు పెల్లెట్ పొయ్యి: ముందు ఇంధనం, తర్వాతే పొయ్యి

(నల్లగొండలో కోళ్ల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక పని చేస్తా. ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసుల్లో నీళ్లున్నయి. ఒక్కోదాంట్లో పదేసి పెల్లెట్లు, అంటే పొట్టును మిషన్‌లో ఒత్తి చేసిన చిన్న చిన్న ఇంధనం ముక్కలు, వేస్తున్నా. ఎడమ గ్లాసులో పడ్డవి సర్కారు తుమ్మ రంపపు పొట్టుతో ఒత్తినవి. కుడి గ్లాసులో పడ్డవి పల్లికాయ పొట్టువి. రెండూ అడుక్కు పోయినయి, చూస్తున్నరు కదా. మంచి పెల్లెట్ నీళ్లలో మునగాలె. తేలిందంటే మిషన్‌లో సరిగ్గా ఒత్తలేదన్నట్టు. వీటిని ఇట్లనే ఉండనిద్దాం, మళ్లా వీటి దగ్గరికి వస్తా.

పెల్లెట్‌ను తెలుగులో గుళిక అనొచ్చు. కానీ మన దగ్గర గుళికలంటే వరి పొలంలో చల్లే మందు. అందుకే పెల్లెట్ అనే అంటా.

నల్లగొండలో గదిని వేడి చేసే పొయ్యి అంటే ఎవరికైనా నవ్వొస్తది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే చోట మనిషికి అది అక్కర్లేదు. ఒక రోజు వయసున్న కోడిపిల్లకు మాత్రం కావాలె. హ్యాచరీ నుంచి వచ్చిన పిల్లకు మొదటి వారం, పది రోజులు తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి ఉండదు. పిల్ల వీపు ఎత్తులో, అంటే లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే ఊక) పైన రెండు అంగుళాల దగ్గర, మొదటి రోజుల్లో 32 నుంచి 34 డిగ్రీలు ఉండాలె. ఆ తర్వాత వారానికి రెండు, మూడు డిగ్రీల లెక్కన దింపుకుంటూ రావాలె. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున బయట 15, 16 డిగ్రీలుంటది. ఆ తేడా, 16 నుంచి 18 డిగ్రీలు, ఏదో ఒక ఇంధనం మోయాల్సిందే.

ఇప్పుడు మనం వాడుతున్నవేంది? బొగ్గుల కుంపటి, బుఖారీ, పిల్లలకు వేడినిచ్చే గ్యాస్ బ్రూడర్, బల్బులు. బుఖారీ మన పాత పొట్టు పొయ్యికి పెద్దన్న. పెద్దవాళ్లకు గుర్తుంటది: డబ్బా మధ్యలో ఒక కర్ర నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దిమ్మెస కొట్టినట్టు కొట్టి, కర్ర మెల్లగా లాగి, కింద బెజ్జం దగ్గర ముట్టిస్తే గంటల తరబడి కాలేది. వేడికి లోటు లేదు. కానీ గాలి చాలకుండా కాలే పొయ్యి ఏదైనా కార్బన్ మోనాక్సైడ్ వదులుతది. దానికి రంగు లేదు, వాసన లేదు. పరదాలు దించిన షెడ్డులో అది 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో పది పాళ్లు, దాటొద్దు. దాంతో పాటు ప్రాణవాయువు తగ్గితే పిల్ల గుండె మీద భారం పడతది. ఆ నష్టం ఆ వారం కనపడదు. నాలుగో, ఐదో వారంలో పొట్టలో నీళ్లు చేరి కోడి పడిపోతది, అప్పుడు దాణాను, మందులను తిట్టుకుంటం. ఇంకోటి: కుంపటి పెట్టిన షెడ్డులో పరదాలు దించుకుని మనిషి పడుకోవద్దు. కోడి సంగతి తర్వాత, ముందు పోయేది మనిషి ప్రాణం.

పెల్లెట్ పొయ్యి గొప్పతనం వేడిలో లేదు, పొగను వేరు చేసుడులో ఉంది. 1980లలో అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో, కలప మిల్లుల పొట్టు గుట్టలుగా పడుండే చోట, ఇండ్లను వేడి చేసుకోడానికి తయారైన పొయ్యి ఇది. పైన తొట్టి. కింద ఆగర్, అంటే గొట్టంలో తిరుగుతూ పెల్లెట్లను ముందుకు నెట్టే పెద్ద స్క్రూ. గేర్ మోటారు దాన్ని ఆపి ఆపి తిప్పుతుంటే పెల్లెట్లు కొన్ని కొన్నిగా మంట గిన్నెలో పడతయి. గిన్నెకు చుట్టూ, అడుగున బెజ్జాలు. ఒక ఫ్యాన్ ఆ బెజ్జాల్లోంచి గాలి లాగి, పొగను పైపు ద్వారా బయటికి తోస్తది. ఇంకో ఫ్యాన్ వేడెక్కిన గొట్టాల మీదుగా శుభ్రమైన గాలిని షెడ్డులోకి ఊదుతది. ఈ రెండు గాలులు ఎక్కడా కలవొద్దు. కలిసినయంటే మనం ఖరీదైన బుఖారీ కొన్నట్టు.

ఇక్కడ అసలు తిరకాసు ఉంది. ఆ దేశాల పొయ్యిలు ఆ దేశాల పెల్లెట్‌కు కొలిచి కుట్టినవి. యూరప్‌లో ఏ1 గ్రేడు పెల్లెట్ అంటే 6 లేదా 8 మిల్లీమీటర్ల మందం, తేమ 10 శాతం లోపు, బూడిద 0.7 శాతం లోపు. అంటే 100 కిలోలు కాలిస్తే ముప్పావు కిలో బూడిద కూడా రాదు. మన దగ్గర దొరికే పల్లికాయ పొట్టు పెల్లెట్‌లో బూడిద 3 నుంచి 6 శాతం. ఊక పెల్లెట్ అయితే 15 దాటుతది. అదే పొయ్యిలో అదే గిన్నెలో ఇది పోస్తే రెండు, మూడు గంటల్లో బెజ్జాలు మూసుకుపోతయి. రైతు పొయ్యి బాగలేదంటడు, అమ్మినోడు పెల్లెట్ బాగలేదంటడు. ఇద్దరూ నిజమే చెప్తున్నరు. అందుకే నేను చెప్పేది: ఏడాది పొడుగునా మీకు చుట్టుపక్కల ఏ పెల్లెట్ దొరుకుతదో ముందు తేల్చుకోండి. దాని బూడిద ఎంతో కొలవండి. ఆ బూడిదను తట్టుకునే గిన్నె ఉన్న పొయ్యి తర్వాత వెతకండి.

మన దక్షిణ తెలంగాణలో ఏమేం దొరుకుతయో చూద్దాం.

మొదటిది కలప. సామిల్లు పొట్టు, సర్కారు తుమ్మ. కిలోకు 4,000 నుంచి 4,400 కిలోకేలరీల వేడి. బెరడు తక్కువుంటే బూడిద ఒకటి, రెండు శాతం. మంట నిలకడగా ఉంటది. దొరికితే ఇదే కొనండి, రెండు మూడు రూపాయలు ఎక్కువైనా సరే. ఒక్క జాగ్రత్త: ప్లైవుడ్డు, సన్‌మైకా, ఫర్నిచర్ షాపుల పొట్టు కలిపినవి వద్దు. వాటిలో జిగురు ఉంటది, కాలితే కళ్లు మండే ఆవిరి వస్తది. పెల్లెట్ విరిచి చూస్తే రంగు రంగుల నలకలు కనపడతయి, అదే గుర్తు.

రెండోది పల్లికాయ పొట్టు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, అచ్చంపేట పక్కన ఇది బాగా దొరుకుతది. వేడి 3,800 నుంచి 4,200 దాకా. పేచీ ఎక్కడంటే మట్టి. పల్లి భూమిలో కాసే పంట, కాయతో పాటు ఎర్రమట్టి, ఇసుక అంటుకుని వస్తది. మిల్లులో జల్లెడ పట్టకుండా ఒత్తితే ఆ ఇసుకంతా పెల్లెట్ లోపలికే పోతది. ఇసుక కాలదు, ఆగర్‌ను అరగదీస్తది, గిన్నెలో గాజైతది. ఇంకో చిక్కు కాలం. మన దిక్కు పల్లి ఎక్కువగా యాసంగి పంట, కాయ మిల్లుకు చేరేది జనవరి తర్వాత. మనకు వేడి కావాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి. అంటే డిసెంబరులో మీరు కొనే పల్లి పెల్లెట్ చాలా వరకు నిరుటి పొట్టుది; ఒక వానాకాలం చూసిన సరుకు. ఎప్పుడు ఒత్తిండ్రు, వానలకు ఎక్కడ పెట్టిండ్రు అని అడగకుండా కొనొద్దు.

అడగాల్సింది తేమ కోసమే కాదు. పల్లి పొట్టుకు వాన తడి తగిలితే బూజు పడుతది. ఆ బూజు దుమ్ము పిల్లల ఊపిరితిత్తులకు చేరితే బ్రూడర్ న్యుమోనియా. సంచి విప్పంగనే ముక్కిన వాసన వస్తే ఆ సంచిని షెడ్డు గడప కూడా దాటనివ్వొద్దు.

మూడోది పత్తి కట్టె. దేవరకొండ, మునుగోడు, నాగర్‌కర్నూల్ దిక్కు ఎకరాలకెకరాలు కాల్చేస్తున్నం. వేడి 3,800 వరకు ఉంటది, బూడిద 3 నుంచి 6. వేరు మట్టి దులపకుండా నరికితే ఇంకా పెరుగుతది. కట్టె చేన్లో మిగలకపోతే గులాబీ రంగు పురుగు కూడా కొంత తగ్గుతది, అది వేరే లాభం. కంది కట్టె, మక్క బెండ్లు కూడా ఫరవాలేదు.

నాలుగోది ఊక. మిర్యాలగూడ మిల్లుల పుణ్యాన మనకు ఊకకు కరువు లేదు, అందుకే అమ్మేటోళ్లు దేంట్లోనైనా కలుపుతరు. వేడి 3,000 నుంచి 3,400. బూడిద 15 నుంచి 20 శాతం. ఆ బూడిద దాదాపు అంతా సిలికా. పెల్లెట్ కాలినా బూడిద పెల్లెట్ ఆకారంలోనే నిలబడి ఉంటది, గాలి దారికి అడ్డంగా. మిల్లు బాయిలర్‌కు ఊక మంచిదే, వాళ్లకు బూడిద తీసే ఏర్పాటుంది. మన చిన్న గిన్నెకు కాదు. వరిగడ్డి పెల్లెట్ అయితే అసలే వద్దు. దాంట్లో పొటాషియం, క్లోరిన్ రెండూ ఎక్కువ, ఇనుప గొట్టాలను తింటది.

ఇప్పుడు ఇది చూడండి. ఒక గిన్నె తెచ్చిన, ముందు వరుసల వాళ్లు చేతిలోకి తీసుకోండి, చల్లగనే ఉంది. అడుగున నల్లగా, గాజులాగా మెరిసే పెంకు కనపడుతుందా? గోరుతో గీకితే రాదు, స్క్రూడ్రైవర్ పెట్టి తట్టాలె. కమ్మరి కొలిమిలో ఇనుప చిట్టెం చూసినోళ్లకు చెప్పక్కర్లేదు, ఇది కూడా చిట్టెమే. ఊక బూడిద ఒక్కటే అయితే ఈ మంటకు తొందరగా కరగదు. పల్లి పొట్టు బూడిదలో పొటాషియం ఉంది, అది ఒక్కటే అయినా కొంత ఓర్చుకోవచ్చు. కానీ సిలికా, పొటాషియం రెండూ కలిస్తే 800, 900 డిగ్రీలకే మెత్తబడతయి. మంట గిన్నెలో వేడి దానికంటే ఎక్కువ. అందుకని "సగం ఊక, సగం పల్లి పొట్టు, చవక" అని చెప్పే మిక్స్ పెల్లెట్ ఉందే, అది రెండింటికంటే అధ్వాన్నం. ఇసుక కలిసిన పల్లి పొట్టు కూడా అదే పని చేస్తది, ఇసుకన్నా సిలికానే కదా.

చిట్టెం కట్టినంక ఏమైతదో వరసగా వినండి. బెజ్జాలు మూసుకుంటయి. గాలి తగ్గుతది. మంట పసుపు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి పొగకు మారుతది, తలుపు అద్దం నల్లబడతది. ఆగర్‌కు ఇదంతా తెల్వదు, అది పెల్లెట్లు వేస్తనే ఉంటది. కాలని పెల్లెట్లు గిన్నె నిండి, ఆగర్ గొట్టం మూతి దాకా గుట్టపడతయి. అప్పుడు నిప్పు వెనక్కి, తొట్టి దిక్కు పాకుతది. షెడ్డులో నిప్పు పుట్టే దారుల్లో ఇదొకటి. కాబట్టి మన పెల్లెట్‌కు కొనే పొయ్యిలో గిన్నె తనంతట తాను దులుపుకునే ఏర్పాటు ఉండాలె: కదిలే జాలీ గానీ, గంటకోసారి గీకే బ్లేడు గానీ. గిన్నె కింద బూడిద పెట్టె కనీసం ఒక రాత్రి బూడిద పట్టాలె. రాత్రికి 60 కిలోలు, 5 శాతం బూడిద అంటే 3 కిలోలు. ఊదినట్టుండే బూడిద, 8, 10 లీటర్ల జాగా కావాలె. ఆగర్ గొట్టం మీద వేడి సెన్సరు, వేడెక్కితే మోటారు ఆగిపోయే స్విచ్ ఉందా లేదా చూడండి.

గ్లాసుల దగ్గరికి పోదాం. ఎడమది ఉబ్బి, విచ్చుకుని, చెక్క పొట్టు లాగా అయింది. నీళ్లు చాయ్ రంగు. అడుగున ఏమీ లేదు. కుడిది కూడా విడిపోయింది, కానీ గ్లాసు వంచి చూడండి, అడుగున ఎర్రగా సన్నటి పొర. అదే మట్టి. వేలితో రుద్దితే గరగరమంటది. పది పెల్లెట్లకే ఇంత కనపడితే టన్నుకు ఎంతో మీరే ఊహించుకోండి. మంచి పెల్లెట్‌ను కట్టి ఉంచేది కలపలోని లిగ్నిన్, మిషన్ వేడికి మెత్తబడి జిగురు లాగా పని చేస్తది. నీళ్లల్ల పడంగనే కొన్ని నిమిషాల్లో విడిపోవాలె. అరగంటైనా రాయి లాగా ఉందంటే వేరే ఏదో జిగురు కలిపిండ్రని అనుమానించాలె.

ఇంకా మూడు పరీక్షలు, ఇంట్లో ఉన్న సామాన్లతోనే. పది లీటర్ల బకెట్టు తీసుకోండి. బకెట్టు నిజంగా పది లీటర్లేనా అని ముందు నీళ్లు పోసి చూసుకోండి, చాలా వాటికి గీత ఒక చోట, కొలత ఇంకో చోట ఉంటది. నిండా పెల్లెట్లు పోసి తూకం వేస్తే 6 కిలోలకు తగ్గొద్దు, ఆరున్నర వస్తే సంతోషం. రెండోది, సంచి అడుగు నుంచి 5 కిలోలు తీసి 3 మిల్లీమీటర్ల జల్లెడతో పట్టండి. పైనుంచి తీస్తే లాభం లేదు, దుమ్మంతా అడుగుకు దిగుతది. రాలిన పొడి 50 గ్రాముల లోపుంటే మంచి సరుకు, 150 దాటితే తిప్పి పంపండి. ఈ పొడే తొట్టి ఏటవాలు మీద అతుక్కుని పెల్లెట్లను జారనివ్వదు, ఆగర్ చివర గడ్డకడుతది. మూడోది బూడిద. శుభ్రం చేసిన చల్లటి పొయ్యిలో సరిగ్గా 10 కిలోలు కాల్చి, పూర్తిగా ఆరినంక గిన్నెలోది, పెట్టెలోది కలిపి తూకం వేయండి. 300 గ్రాములు వస్తే 3 శాతం. చిట్టెం ముక్కలుంటే వాటిని విడిగా ఏరి చూసుకోండి. బూడిద మెత్తటి పొడిగా వస్తే 5 శాతమైనా నెట్టుకురావచ్చు, చిట్టెంగా వస్తే 2 శాతం కూడా బాధే.

తేమ చూడాలంటే 100 గ్రాములు సన్నగా నలిపి, చిన్న ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర పెట్టి, తూకం ఇక తగ్గని దాకా ఉంచాలె. 90 గ్రాములకు దిగువకు పడిపోతే తేమ ఎక్కువ. ఓవెన్ లేనోళ్లు విరిచి చూడండి: ఎండిన పెల్లెట్ టక్కున విరుగుతది, తడిది వంగి నలుగుతది. పొడవు కూడా చూడండి. మూడు సెంటీమీటర్ల లోపు ఉండాలె. నాలుగు దాటినవి నాలుగైదు ఒకదానికొకటి అడ్డం పడితే తొట్టిలో గూడు కట్టినట్టయితది. పైన నిండుగా కనపడతది, కింద ఆగర్ ఖాళీగా తిరుగుతుంటది, మంట ఆరిపోతది.

ఎంత పెద్ద పొయ్యి కావాలె అన్నదానికి లెక్క చెప్తా, సెల్ ఫోన్లు తీయండి. 5,000 పిల్లలు, మొదటి రోజుల్లో చదరపు అడుగుకు మూడు నాలుగు పిల్లలంటే 1,500 చదరపు అడుగులు: 50 అడుగులు, 30 అడుగులు. చుట్టూ పరదా, పైన ఆరున్నర అడుగుల ఎత్తులో ఇంకో పరదా కట్టిండ్రు అనుకుందాం. పరదా మొత్తం విస్తీర్ణం సుమారు 240 చదరపు మీటర్లు. ఒక్క పొర ప్లాస్టిక్ పరదా చదరపు మీటరుకు, ఒక్క డిగ్రీ తేడాకు, గంటకు సుమారు 5 కిలోకేలరీలు బయటికి పోనిస్తది. 16 డిగ్రీల తేడా. 240, 5, 16 గుణిస్తే 19,200. గంటకు రెండు సార్లు లోపలి గాలి మారాలంటే ఇంకో 2,600. మొత్తం 22,000 దగ్గర, అంటే పాతిక కిలోవాట్లు. పెల్లెట్ 3,800, పొయ్యి దాంట్లో నాలుగింట మూడొంతులు షెడ్డుకు ఇస్తే కిలోకు 2,850. గంటకు 7.5 నుంచి 8 కిలోలు కాలాలె. ఇది తెల్లవారుజాము లెక్క. రాత్రంతా సగటు 5 కిలోలకు అటూ ఇటూ ఉంటది. చలికాలం ఒక బ్యాచ్‌కు టన్నులోపు పెల్లెట్ పెట్టుకుంటే సరిపోవాలె. పొయ్యి కొనేటప్పుడు 30 కిలోవాట్లు అన్నడంటే అది కాలే ఇంధనం లెక్కా, షెడ్డులోకి వచ్చే వేడి లెక్కా అని అడగండి. చాలా వరకు మొదటిదే చెప్తరు.

పై పరదా కట్టకుండా రేకు దాకా వదిలేస్తే ఈ లెక్కంతా ఒకటిన్నర రెట్లు దాటుతది. పొయ్యి కంటే పరదా చవక.

గ్యాస్‌తో పోలిక. అమ్మేటోళ్లు కేలరీల లెక్క చెప్తరు: గ్యాస్ కిలోకు 10,800, పెల్లెట్ 3,800, కాబట్టి 19 కిలోల సిలిండర్‌కు 54 కిలోల పెల్లెట్ చాలు అని. అది పొరపాటు. గ్యాస్ బ్రూడర్‌కు పొగ గొట్టం లేదు, వేడంతా షెడ్డులోనే ఉంటది. పెల్లెట్ వేడిలో పావు వంతు గొట్టంలోంచి పోతది. సరైన లెక్క 72 కిలోలు. సిలిండర్ 1,800 రూపాయలనుకుంటే పెల్లెట్ షెడ్డుకు చేరేసరికి కిలో 25 రూపాయల లోపు పడాలె. బూడిద తీసే కూలీ, కరెంటు, పొయ్యి ఖరీదు కలుపుకుంటే 17, 18కి మించితే ఆలోచించాలె. గ్యాస్‌కు ఒక లోపముంది, అది కూడా లెక్కలో వేయాలె: కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైగా నీటి ఆవిరి, మూడు కిలోల బొగ్గుపులుసు వాయువు షెడ్డులోనే మిగులుతయి. లిట్టర్ తడవడం అక్కడి నుంచే మొదలు.

బిగించుడు. వీలైతే పొయ్యిని షెడ్డు బయట చిన్న రేకు కప్పు కింద పెట్టి వేడిగాలి మాత్రం లోపలికి తెచ్చుకోండి. లోపల ఈకల దుమ్ము ఫ్యాన్ రెక్కలకు పట్టి గాలి తగ్గిస్తది. లోపలే పెట్టాల్సి వస్తే సిమెంటు గచ్చు మీద, చుట్టూ నాలుగు అడుగులు ఊక లేకుండా, పరదాకు మూడు అడుగుల దూరంలో. పొగ గొట్టం నిట్టనిలువుగా కనీసం 3 మీటర్లు లేవాలె, షెడ్డు కొప్పు కంటే రెండడుగులు పైకి, కొసకు నిప్పురవ్వలు ఆపే జాలీతో. ఈ నిలువు ఎత్తు ఎందుకంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ ఆగినా పొగ తనంతట తాను పైకి లాగబడాలె. గోడకు అడ్డంగా బెజ్జం కొట్టి గొట్టం బయటికి తీస్తే కరెంటు పోయిన ప్రతిసారి పొగ షెడ్డులోకే.

వేడిగాలిని పిల్లల మీదికి నేరుగా ఊదొద్దు. బెజ్జాలున్న ప్లాస్టిక్ గొట్టం పొడుగునా కట్టి, బెజ్జాలు పైకి, పక్కకు ఉండేటట్టు చూసుకోండి. పిల్లలు దిగే 24 గంటల ముందు పొయ్యి ముట్టించాలె, గాలి వేడెక్కితే చాలదు, లిట్టర్ కూడా 30 డిగ్రీలకు రావాలె. ఆ తర్వాత థర్మామీటర్ ఎంత చెప్పినా పిల్లలను చూడండి. ఒక్క దగ్గర గుంపు కట్టి కీచుమంటే చలి. నోరు తెరిచి గార్డు (పిల్లల చుట్టూ పెట్టే అడ్డు) అంచుకు పోతే వేడి ఎక్కువ. ఒకే మూలకు జరిగితే అవతలి దిక్కు నుంచి చలిగాలి తగులుతుంది. చల్లినట్టు అంతటా ఉంటే పొయ్యిని ముట్టుకోకండి.

వోల్టేజీ గురించి ఒక మాట, ఎందుకంటే ఇది పొయ్యి పుస్తకాల్లో ఉండదు. చాలా పొయ్యిల్లో ఆగర్ మోటారు సింక్రోనస్ మోటారు, వోల్టేజీ 180కి పడినా అదే వేగంతో తిరుగుతది. మంటకు గాలి లాగే ఫ్యాన్ మాత్రం నెమ్మదిస్తది. అంటే ఇంధనం అంతే, గాలి తక్కువ. రాత్రి మోటార్లు ఆన్ అయినప్పుడు ఉన్నట్టుండి పొగ మొదలైతే పెల్లెట్‌ను తిట్టకముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడండి. స్టెబిలైజర్ ఒకటి, ఇన్వర్టర్ ఒకటి తప్పవు. ముట్టించేటప్పుడు ఇగ్నైటర్ రాడ్ కొన్ని నిమిషాలు 300, 400 వాట్లు లాగుతది, తర్వాత నడిచేది 100, 150 వాట్లతోనే. 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఆరేడు గంటలు నడుస్తది.

తలుపు చుట్టూ ఉండే తాడు లాంటి గాస్కెట్ అరిగితే దొంగగాలి చొరబడి మంట గిన్నెకు గాలి తగ్గుతది. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా వస్తే గాస్కెట్ మార్చాల్సిందే. నాలుగు దిక్కులా చూడండి, పై అంచు మరిచిపోతరు.

నిల్వ గురించి పెద్దగా చెప్పేదేం లేదు: నేలకు జానెడు ఎత్తులో పలకల మీద, గోడకు జానెడు దూరంలో, షెడ్డు బయట. బ్యాచ్ అయిపోయినంక తొట్టిలో, ఆగర్‌లో పెల్లెట్లు వదిలేయకండి. వానాకాలం తేమకు అవి ఉబ్బి, పొడయి, సిమెంటు లాగా బిగుసుకుంటయి. మళ్లా చలికాలం స్విచ్ వేస్తే గేరు పళ్లు విరుగుతయి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, పల్లి పొట్టునే తెచ్చి తొట్టిలో పోస్తే కాలదా? పెల్లెట్ ఒత్తుడు ఖర్చు దేనికి?

కాలుతదన్నా, కానీ ఆ పొయ్యి వేరే. విడి పొట్టు పది లీటర్ల బకెట్టులో రెండు కిలోలు కూడా పట్టదు. ఆగర్ ఒక చుట్టు తిరిగితే ఎంత పడుతదో లెక్క ఉండదు, ఒకసారి గుప్పెడు, ఒకసారి ఏమీ లేదు. అట్ల పడితే మంట ఊగుతది, గాలి సరిపోదు, పొగ. పెల్లెట్‌కు మనం ఇచ్చే డబ్బు ఆ నిలకడ కోసమే. విడి పొట్టు కాల్చాలనుకుంటే బయట మట్టి, ఇటుక పొయ్యి కట్టి నీళ్లు కాచుకోడానికి వాడుకోండి.

ప్రశ్న: బూడిద చేన్ల చల్లొచ్చా?

చల్లొచ్చమ్మా. పల్లి పొట్టు బూడిదలో పొటాష్ ఉంటది, కూరగాయ మడులకు మంచిదే. కోళ్ల ఎరువులో మాత్రం కలపొద్దు, యూరియాతోనూ కలపొద్దు. బూడిద క్షారం, కలిస్తే నత్రజని అమ్మోనియా అయి గాలికి పోతది. వాసన రాంగనే తెలుస్తది. ఇంకోటి, తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో ఒక రోజంతా పెట్టి అప్పుడే బయట పోయండి. పైకి చల్లగ ఉన్నా లోపల నిప్పు కణిక దాక్కుని ఉంటది.

ప్రశ్న: నడిరాత్రి పొయ్యి ఆరిపోతే? పిల్లలకు ఎంత సేపట్లో దెబ్బ తగులుతది?

పరదాల షెడ్డు వేడిని దాచుకోలేదన్నా. అరగంటలో నాలుగైదు డిగ్రీలు పడిపోవచ్చు, పిల్లలు గుంపు కడితే కింద ఉన్నవి ఊపిరాడక పోతయి. అందుకని 29 డిగ్రీలకు పడంగనే మోగే అలారం పిల్లల ఎత్తులో పెట్టండి, ఒక గ్యాస్ బ్రూడర్, నిండు సిలిండర్ పక్కనే ఉంచండి. లేవంగనే ముందు గ్యాస్ ముట్టించి, అప్పుడు పొయ్యి దగ్గరికి పోండి. పోయి వెంటనే స్టార్ట్ బటన్ నొక్కకండి. గిన్నెలో కాలని పెల్లెట్లు పొగ చిమ్ముతుంటే ఆ పొగే ఇంధనం. ఇగ్నైటర్ ఎర్రబడంగనే ఒక్కసారిగా అంటుకుని తలుపు అద్దం పగులుతది. పొగను బయటికి తోసే ఫ్యాన్ ఒక్కటే పది నిమిషాలు నడిపించి, పొగ ఆగినంక చేతికి తొడుగు వేసుకుని తలుపు తీసి, గిన్నె బయటికి లాగి, ఇనుప డబ్బాలో ఖాళీ చేసి, బెజ్జాలన్నీ తెరిచి ఉన్నయా అని టార్చి లైటు పెట్టి చూసి, అప్పుడు ముట్టించండి.